గోత్రనామాల కాగితం

కిందటి వారం కొర్లమ్మను మేనేజరు గది గుమ్మం దగ్గర నిలబెట్టి వచ్చాం. ఆమె కుడిచెయ్యి మెడకు కట్టిన గుడ్డలో వేలాడుతోంది. ఆరు రోజుల కిందట సిరిగంప సూపర్‌మార్కెట్ గోడౌనులో ఉప్మారవ్వ బస్తా దించుతూ నిచ్చెన మీంచి పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. లోపల ప్లేటు వేయాలి, పది రోజులు దాటితే ఎముక వంకరగా అతుక్కుంటుంది, ఆ తర్వాత ఆ చేత్తో చెంబెడు నీళ్ళు కూడా ఎత్తలేవు అని డాక్టరు చెప్పాడు. అంటే ఇంక నాలుగు రోజులు. సర్కారు ఆసుపత్రిలో వరస వచ్చేసరికి మూడు వారాలవుతుందన్నారు. రేషన్ కార్డు వేలిముద్ర పడక ఎప్పుడో ఆగిపోయింది, దాని మీద ప్రైవేటులో ఉచితంగా చేయించుకునే దారీ లేదు. ఈఎస్ఐ ఉంది కదా అన్న ధైర్యంతో వెళ్తే, అక్కడ కంప్యూటర్లో వెతికి వెతికి, "ఈ పేరు మీద ఎవరూ లేరమ్మా" అని పంపేశారు.

రెండున్నరేళ్ళుగా నెలనెలా ఆమె జీతంలో ఈఎస్ఐ అని ఇంత, పీఎఫ్ అని ఇంత కోస్తూనే ఉన్నారు. మరి పేరు లేకపోవడమేమిటి? అది అడగడానికే వచ్చింది.

"రా కొర్లమ్మా, లోపలికి రా" అన్నాడు ధనరాజ్.

ధనరాజ్ సిరిగంప అనకాపల్లి బ్రాంచికి మేనేజరు. ఆ ఊరి మనిషే. తన గదిలో గోడకు లక్ష్మీదేవి పటం ఉందని లోపల చెప్పులు వేసుకోడు, ఎవరినీ వేసుకురానివ్వడు. గుమ్మం బయట చెప్పులు విడవడం ఆ షాపులో అందరికీ అలవాటైపోయింది. కొర్లమ్మ కూడా చెప్పులు విడిచి లోపలికి అడుగుపెట్టింది. పెట్టగానే ఆమె కంటపడింది నల్లగా మెరుస్తున్న బూట్ల జత. అవి తొడుక్కున్న మనిషి ధనరాజ్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ధనరాజ్ పక్కన నిలబడి ఉన్నాడు.

"తారక్ సారు. విశాఖపట్నం హెడ్డాఫీసు నించి వచ్చేరు" అన్నాడు ధనరాజ్, ఆమె కళ్ళలోకి చూడకుండా.

గోడవారగా ఇందు నిలబడి ఉంది. ఇందు ఫ్లోర్ ఇన్‌ఛార్జి. ఇరవై ఆరేళ్ళ పిల్ల, రోజూ హాజరు చూసేది ఆమే. కొర్లమ్మ నవ్వబోయింది గాని ఇందు తల దించుకుంది.

"కూర్చోమ్మా" అన్నాడు తారక్.

ఆ భవనంలో రెండున్నరేళ్ళలో అన్నం వేళ తప్ప కొర్లమ్మ ఎప్పుడూ కూర్చోలేదు. కూర్చుంటే జీతంలో కోత. పప్పులు తూచి పొట్లాలు కట్టే గదిలో పొద్దున తొమ్మిదికి నిలబడితే రాత్రి ఏడుకి నడిచి బయటికి రావడమే. అలాంటిది పెద్దాఫీసు మనిషి కుర్చీ చూపిస్తున్నాడు.

ఆమె కూర్చోలేదు. "పర్లేదు బాబూ, అలవాటే" అంది.

"నీ సంగతంతా విన్నాను. చాలా బాధేసింది. కంపెనీ నిన్ను అలా వదిలెయ్యదు" అని తారక్ ఒక కాగితం ముందుకు జరిపాడు. "ఆపరేషన్‌కి ఎనభై వేలవుతుందట. మొత్తం మేమే కడతాం. రేపు పొద్దున్నే చేరిపోవచ్చు. దీనికింద సంతకం పెట్టు, చాలు. కుడిచెయ్యి పనిచెయ్యదు కాబట్టి ఎడమ బొటనవేలైనా ఫర్వాలేదు."

కొర్లమ్మ ఐదో తరగతి దాకా చదివింది. నెమ్మదిగా చదువుతుంది, కాని విడిచిపెట్టకుండా చదువుతుంది. తమ ఊరు రాజయ్యపేటలో చేపల బుట్ట దించినప్పుడు వేలంలో కొనే పాటదారు రాసిన చీటీని కూడా అలాగే చదివి, తేడా ఉంటే నిలదీసేది. ఇప్పుడూ కాగితం మీదికి వంగి పెదవులు కదుపుతూ చదివింది. చదవడం అయ్యాక నిటారుగా నిలబడింది.

"నాను మీ షాపుకి సరుకులు కొనుక్కోడానికొచ్చి, నాకు నానే గోడౌన్లోకెళ్ళి, నిచ్చెనెక్కి పడిపోయేనని రాసేరేటి బాబూ?"

"అది ఫార్మాలిటీ అమ్మా."

"కొనుక్కోడానికొచ్చినోళ్ళు నిచ్చెనెక్కుతారా? కావలిస్తే కింద షాపులోకెళ్ళి కొనుక్కునేవోళ్ళని అడగండి, రవ్వ బస్తా దించుకోడానికి ఎవులైనా వొచ్చేరేటో."

ఇందు పెదవులు బిగించుకుంది. నవ్వు ఆపుకోడానికో, మరెందుకో.

తారక్ మొహంలో చిరాకు కనబడలేదు. ల్యాప్‌టాప్ ఆమె వైపు తిప్పాడు. "చూడు. ఈ బ్రాంచిలో పనిచేసేవాళ్ళు ఇరవై ముగ్గురు. ఇందులో కొర్లమ్మ అన్న పేరు ఎక్కడైనా ఉందా? లేదు. నువ్వు రోజూ గేటు దగ్గర గీసిన కార్డు నెంబరు నూట పదిహేడు. అది లక్ష్మీకుమారి అనే అమ్మాయిది. ఆమె మూడేళ్ళ కిందట మానేసి వెళ్ళిపోయింది. కంపెనీ లెక్కలో నువ్వు ఇక్కడ ఎప్పుడూ పనిచెయ్యలేదు."

"పనిచెయ్యకపోతే ఈ కోకెవులిచ్చేరు?" కొర్లమ్మ తన ఒంటి మీద మెరూన్ రంగు యూనిఫాం చీర కొంగు పట్టుకు చూపించింది.

"అలాంటి చీర బజార్లో ఎవరైనా కొనుక్కోవచ్చు."

కొర్లమ్మ ధనరాజ్ వైపు తిరిగింది. "సారూ, మీరు సెప్పండి. నాను పనిసేసేనా నేదా?"

ధనరాజ్ బల్ల మీది పెన్నులు సర్దుతున్నాడు. "ముందు చెయ్యి బాగుచేయించుకో కొర్లమ్మా. చెయ్యుంటే తరవాతేదైనా చూసుకోవచ్చు. పెట్టెయ్ వేలు."

ఆ మాటలో దురుద్దేశం లేదు. అదే ఆమెను ఎక్కువ కలవరపెట్టింది. అవును, ముందు చెయ్యి. పోలిరాజు, ఆమె పెనిమిటి, చేపల వేట గిట్టక తెప్ప అమ్మేసి ఇప్పుడు బెల్లం మార్కెట్లో దిమ్మలు మోస్తున్నాడు. ఇద్దరూ కలిస్తేనే ఇంటద్దె, పిల్ల ఫీజు. ఆ చెయ్యి వంకరపోతే ఇంక ఎవరు పన్లోకి రమ్మంటారు? కాగితం మీద అబద్ధమే. అయితే ఏం, ఎనభై వేలు నిజం కదా. రేపు పొద్దున్నే అంటున్నారు. నాలుగు రోజులు కూడా ఆగక్కర్లేదు.

ఆమె ఎడమ బొటనవేలు ఎత్తి చూసుకుంది. పదేళ్ళ వయసు నుంచి ఉప్పులో చేపలు రుద్ది రుద్ది, ఆ వేలు సబ్బు బిళ్ళలా నున్నగా అరిగిపోయింది. పన్లో చేరిన రోజున గేటు దగ్గరి మిషను ఆ వేలు పట్టలేదు. తడిగుడ్డతో తుడిచారు, నిమ్మచెక్క రుద్దారు, వ్యాజిలిన్ పూశారు. ఏడుసార్లు ఎర్రలైటే వెలిగింది. వెనకాల వరసలో వాళ్ళు విసుక్కుంటుంటే ఆమెకు ఏడుపొచ్చింది. అప్పుడు ధనరాజే వచ్చి, "ఏడవకు, ఇది పట్టుకో, దీంతో తలుపు తెరుచుకుంటాది" అని పాత కార్డు చేతిలో పెట్టాడు. ఎంత మంచివాడో అనుకుంది. మర్నాడు అతనికి ఎండురొయ్యలు తెచ్చి ఇస్తే, "నేను తినను గాని మా ఆవిడ తింటాది" అని పుచ్చుకున్నాడు కూడా.

"మీ మిసను పట్టని వేలు, మీ కాగితం మీద మాత్రం పడతాదేటి?" అంది.

"ఇంకుతో పడుతుంది" అని తారక్ స్టాంపు ప్యాడు మూత తీశాడు. "ఇందూ, నువ్వు సాక్షి సంతకం పెట్టాలి. ఇలా రా."

ఇందు కదల్లేదు.

కొర్లమ్మ తల ఎత్తింది. ఎదురుగా లక్ష్మీదేవి పటం. దానికి పొద్దున వేసిన చామంతి దండ. ఎవరికైనా దిక్కు తోచనప్పుడు చూసే చూపే చూసింది. మొక్కుకోవడానికి కూడా కుడిచెయ్యి లేవదు. ఎడమచెయ్యి గుండెల మీద పెట్టుకుంది. అప్పుడే ఆమెకు మాఘమాసం గుర్తొచ్చింది.

"సారూ," అంది ధనరాజ్‌తో, "మాఘమాసంలో షాపు పుట్టిన్రోజుకి సత్తినారాయణ వ్రతం సేసేరు కదా. ఆ రోజు పంతులుగారు నా పేరు సదివేరు. నాను ఇన్నాను. కొర్లమ్మ అనే సదివేరు. లచ్మీకుమారి అన్లేదు."

ధనరాజ్ చేతిలోంచి పెన్ను జారింది.

"ఏం వ్రతం? ఏం పేరు?" అన్నాడు తారక్.

ఇందు నాలుగడుగులు వేసి, కళ్ళకద్దుకుని, లక్ష్మీదేవి పటం గోడ నుంచి కొంచెం ఎడం చేసింది. "ఇందూ, ముట్టుకోకు" అన్నాడు ధనరాజ్. అప్పటికే ఆమె చేతిలోకి నాలుగు మడతల కాగితం ఒకటి వచ్చింది. అంచులకు పసుపు, మధ్యలో కుంకుమ బొట్టు.

ఆ షాపులో ఒక ఆనవాయితీ ఉంది. ఏటా వ్రతం రోజున అక్కడ పనిచేసే ప్రతి ఒక్కరి పేరూ గోత్రమూ పంతులుగారు చదవాలి. గోత్రం తెలియని వాళ్ళకు శివగోత్రం అని రాయిస్తారు. చదివాక ఆ కాగితాన్ని అమ్మవారి పటం వెనక పెడతారు, మళ్ళీ వ్రతం దాకా తియ్యరు. రాసేది ధనరాజే. తలస్నానం చేసి, తడి ఆరకముందే కూర్చుని రాస్తాడు.

ఇందు మడత విప్పి చదివింది. ఒక్క అక్షరం మింగలేదు. "శివగోత్రం, మైలపల్లి కొర్లమ్మ, ప్యాకింగ్. రాత ధనరాజ్ సారుదే."

"ఇలా ఇవ్వు" అని తారక్ లేచి చెయ్యి చాచాడు. "రెండు ముక్కలు చేసి పారేస్తే పోతుంది."

"సార్!" ధనరాజ్ గొంతు అంత గట్టిగా లేవడం ఎవరూ ఎరగరు. అతనే ఉలిక్కిపడ్డాడు. వెంటనే గొంతు తగ్గించాడు. "చింపకండి సార్. వ్రతం కాగితం. సంవత్సరం తిరక్కుండా చింపకూడదు. మీకు దండం పెడతాను."

"ధనరాజ్, నీకు మతి ఉందా? కంపెనీ రోల్లో లేని మనిషి పేరు నీ చేత్తో ఎందుకు రాశావు?"

ధనరాజ్ పటం వంక చూశాడు.

"హెడ్డాఫీసుకి మీరు చెప్పినట్టే రాసేను సార్. దేవుడి దగ్గర ఎలా రాయమంటారు? చదివించాక వీళ్ళు అక్షింతలకి తల వంచుతారు. ఒకళ్ళ పేరు చదివి ఇంకొకళ్ళ తల మీద అక్షింతలెలా వేస్తాను?"

దేవుడి ముందు తప్పు రాయడానికి అంత భయపడిన మనిషి, ఒక ఆడదాని జీతం చీటీ మీద ప్రతి నెలా తప్పు రాస్తూ ఎలా నిద్రపోయాడో మనకు తెలియదు. అడిగితే అతనికీ తెలియకపోవచ్చు. అమ్మవారు పటంలో మాత్రమే ఉంటుందని మనం కూడా ఎన్నిసార్లు అనుకోలేదు?

తారక్ మళ్ళీ కూర్చున్నాడు. అతనికి తెలివి త్వరగా తిరిగొస్తుంది. ఈసారి గొంతులో మెత్తదనం లేదు.

"సరే, పనిచేసింది. ఒప్పుకుందాం. అయితే రెండున్నరేళ్ళు ఇంకొకరి కార్డు గీసి లోపలికి వచ్చింది కదా. దాన్ని మోసం అంటారు. పోలీస్ స్టేషన్ ఇక్కడికి ఎంత దూరం? ఫోన్ చెయ్యమంటావా కొర్లమ్మా? ఆ కార్డు నీకెవరిచ్చారో అక్కడ చెబుదువుగాని."

పోలీసుల మాట వింటే కొర్లమ్మ వాళ్ళ ఊళ్ళో మగవాళ్ళే వల ఒగ్గేసి పరుగెత్తుతారు. ధనరాజ్ వైపు చూసింది. ఈయనే ఇచ్చేడు అని ఒక్క మాట అంటే చాలు. కాని ఆ రోజు ఎర్రలైటు ముందు ఏడుస్తున్నప్పుడు దగ్గరికొచ్చింది అతనొక్కడే. ఆ మాట నోటి దాకా వచ్చి ఆగిపోయింది.

"నాను సెప్పను. ఇచ్చినోళ్ళకి నోరున్నాది. ఆళ్ళే సెప్తారు" అంది.

కింద ఫ్లోర్ మీద ఎవరో పసిపిల్లాడు చాక్లెట్ కోసం గోల పెడుతున్నాడు.

"నేనే ఇచ్చేను సార్" అన్నాడు ధనరాజ్. "ఇమ్మన్నది మీరు. ఫోన్లో. వేలు పడనివాళ్ళకి పాత కార్డులు ఇచ్చెయ్, కొత్త పేర్లు ఎక్కించకు అన్నారు. కోసిన డబ్బు ఏ నెలకానెల మీకే పంపేను. మీరు కడుతున్నారనుకున్నాను."

"అనుకున్నావా? అడిగావా?"

ధనరాజ్ తల దించుకున్నాడు. అడగలేదు. అడగాలని తోచలేదో, తోచినా అడగలేదో.

"వేలు పడనివాళ్ళకి అన్నారు కదండీ" అంది ఇందు ఉన్నట్టుండి. ఆమె ఆ కాగితం మీద వేలు పెట్టి పైనుంచి కిందికి లెక్కపెడుతోంది. ఒకసారి అయ్యాక మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టింది. "కొర్లమ్మత్త ఒక్కర్తే కాదు సార్. ఇందులో ముప్పైనాలుగు పేర్లున్నాయి. మీ కంప్యూటర్లో ఇరవైమూడే అన్నారు. పదకొండుమంది ఎక్కువున్నారు."

తారక్ ల్యాప్‌టాప్ మూశాడు.

"మీరిద్దరూ బయటికి వెళ్ళండి" అన్నాడు.

ఇందు కాగితాన్ని మడిచి ధనరాజ్ చేతికిచ్చింది. ధనరాజ్ దాన్ని పటం వెనక పెట్టబోయాడు, మళ్ళీ ఏమనుకున్నాడో చొక్కా జేబులో పెట్టుకుని, జేబు మీద అరచెయ్యి వేసుకుని వెళ్ళాడు. తలుపు మూసుకుంది.

ఇప్పుడు తారక్ లేచి వచ్చి ఆమెకు దగ్గరగా నిలబడ్డాడు. గొంతు దాదాపు గుసగుస.

"విను. ఎనభై కాదు, రెండు లక్షలు. ఆపరేషన్ రేపు పొద్దున్నే. చెయ్యి బాగయ్యాక నీ సొంత పేరుతో ఉద్యోగం, ఈఎస్ఐ, పీఎఫ్, అన్నీ. నీ ఒక్కదానికే. బదులుగా వేరే కాగితం రాసి తెస్తాను. ఆ వ్రతం లిస్టులో ఉన్నది పనివాళ్ళ పేర్లు కాదు, పూజకొచ్చిన ఊళ్ళో వాళ్ళ పేర్లు అని నువ్వు చెప్పాలి. ప్యాకింగ్‌లో ఉన్నదానివి, నీ మాటకి విలువుంటుంది. ఆ తర్వాత ధనరాజ్ ఏం చెప్పినా ఎవరూ నమ్మరు."

"మరి ఆ పదిమందీ?"

"వాళ్ళెవరికీ చెయ్యి విరగలేదు కదా" అన్నాడు తారక్. "వాళ్ళు నిన్నేం అడగలేదు. నువ్వు వాళ్ళకేం బాకీ లేవు. అరగంట టైమిస్తున్నాను. అన్నం తిని రా. ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడకు."

కొర్లమ్మ మెట్లెక్కి ప్యాకింగ్ గదిలోకి వెళ్ళేసరికి అందరూ నేల మీద కూర్చుని క్యారేజీలు విప్పుతున్నారు. ఆమెను చూసి గదంతా ఒక్కసారి కేకలేసింది. కాసులమ్మ లేచొచ్చి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. కాసులమ్మది నాతవరం వైపు. చెరుకు కొట్టి కొట్టి అరచెయ్యంతా కాయలు కాసిన మనిషి. నోరు మాత్రం ఆగదు.

"ఓలమ్మో, ఎంత సిక్కిపోనావొదినా! ఆరు రోజులకే ఇలాగైపోతే మీ ఆయన నిన్ను గుర్తుపడతన్నాడా? నువ్వొత్తావని ఇందు సెప్పింది. వంకాయా ఎండురొయ్యలూ వండేను. సెయ్యి తియ్యకు, నాను పెడతాను. నోరు తెరు."

ముద్ద కలిపి కాసులమ్మే నోట్లో పెట్టింది. పసిపిల్లకు పెట్టినట్టు, కిందపడకుండా గడ్డం కింద ఎడమచెయ్యి పట్టింది.

"ఏటన్నారు లోపల? మన ఈఎస్ఐ సంగతి తేలిందేటి? నాకూ కోత్తన్నారు కదా. ఈ నెల నడుం సూపించుకుందారని అనుకుంటన్నాను. రేతిరి లెగలేకపోతన్నానొదినా." మరో ముద్ద కలుపుతూ తనే నవ్వింది. "నన్ను సేర్చుకుంటారో నేదో! నా కార్డు మీద పేరెవులిదో తెలుసా? ఇందు సదివి సెప్పింది. పరదేసి అంట. మగోడు! రోజూ పొద్దున్నే ఆ మిసనుకి నాను మీసాలున్న పరదేసిని."

గదిలో ఆడవాళ్ళందరూ పగలబడి నవ్వారు. "నాది సింహాచలం" అంది మూల నుంచి ఒకామె. "నాదెవులిదో నాకే తెల్దు" అంది ఇంకొకామె. మళ్ళీ నవ్వులు.

కొర్లమ్మ నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది. వాళ్ళ చేతులు చూసింది. చెరుకు కొట్టిన చేతులు, బెల్లం గానుగ దగ్గర కాలిన చేతులు, ఉప్పు తిన్న చేతులు. ఎన్నాళ్ళుగానో పక్కపక్కన నిలబడి పొట్లాలు కట్టినా, ఇవన్నీ ఒకే రకం వేళ్ళని ఆమెకు ఇప్పటిదాకా తెలియలేదు. కళ్ళతో లెక్కపెట్టింది. తను కాక పది.

గోడ గడియారం ఒంటిగంటా ఇరవై చూపిస్తోంది. ఒకటిన్నరకి తారక్ దగ్గరికి వెళ్ళాలి. చేతిలో నొప్పి ఒక్కసారి భుజం దాకా పోటెత్తింది.

"మాటాడవేటొదినా? ఏటన్నారు?" మూడో ముద్ద పట్టుకుని కాసులమ్మ అడిగింది.

కొర్లమ్మ నోట్లోది మింగింది. ఎడమచేత్తో కాసులమ్మ మణికట్టు పట్టుకుని ముద్దను ఆపింది.

"కాసులమ్మా, నీ కార్డు ఒకసారి ఇలాగియ్యి" అంది. "అందరూ ఇయ్యండి. బేగి."

ఎందుకని ఒక్కరూ అడగలేదు. మెడల్లోంచి కార్డులు తీసి, ఎంగిలి చేతులు తగలకుండా తాళ్ళు పట్టుకుని, ఒక్కొక్కరే ఆమె ఒళ్ళో వేశారు. పది కార్డులు. వాటిని పట్టుకుని కొర్లమ్మ మెల్లగా లేచింది. వాటిని ఎవరి ముందు పెట్టబోతోందో, తారక్ ముందో, మరొకరి ముందో, ఆ మొదటి మెట్టు దిగేటప్పటికి ఆమెకూ తెలియదు.